జీతం పడిందా అని అడగలేదు

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలుచుకుంది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురి కిక్‌లు ఆపాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు కోచ్ రహీం సాబ్ కాలం మళ్లీ వచ్చిందని ఆ రాత్రి మనం రాశాం, అనుకున్నాం, నమ్మాం. సరిగ్గా రెండేళ్లకు, 2023-24 సీజన్ ముగిసేసరికి అదే క్లబ్బు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో పట్టికలో అట్టడుగున మిగిలింది. 2025 అక్టోబరులో ఊరు వదిలి ఢిల్లీ చేరి పేరు కూడా మార్చుకుంది. ఈ పతనానికి కారణాలు చాలా చెప్పవచ్చు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఆటగాళ్లకు జీతాలు పడలేదు.

ఆ సంగతి మనకు తెలియకపోలేదు. బకాయిల కథ పత్రికల్లో వస్తూనే ఉంది. విదేశీ ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఒప్పందాలు తెంచుకుని విమానం ఎక్కారు. బకాయిల వివాదాల్లో ఫిఫా ఆ క్లబ్బు మీద కొత్త ఆటగాళ్ల నమోదు నిషేధం విధించింది. ఇంత జరుగుతున్నా ఈ నగరం కదల్లేదు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం మెట్ల మీద కూర్చుని గొంతు పోయేలా అరిచినవాళ్లం, క్రీడా పేజీలు రాసేవాళ్లం, వాటిని చదివేవాళ్లం, ఫుట్‌బాల్ మా నగరం రక్తంలో ఉందని సభల్లో చెప్పుకునేవాళ్లం, అందరం ఊరుకున్నాం. నేను ఈ వ్యాసంలో మనం అన్నప్పుడల్లా వీళ్లందరినీ కలిపే అంటున్నాను. అడిగిన కొద్దిమందికి మనం తోడు వెళ్లలేదు.

మన తప్పును సూటిగా చెబుతాను. మనం ఆటను ప్రేమించాం, ఆడటం ఒక పని అని మాత్రం ఒప్పుకోలేదు. పని అని ఒప్పుకుంటే నెల తిరిగేసరికి జీతం పడాలని ఒప్పుకోవాలి. పడకపోతే అడగాలి. అడగాల్సి వస్తుందన్న భయంతోనే కాబోలు, ఆటగాణ్ణి వీరుడనీ, కళాకారుడనీ, ఊరి బిడ్డ అనీ పిలిచాం. అవన్నీ గౌరవంగా వినిపించే పేర్లే. కానీ వీరుడికీ బిడ్డకీ జీతం లెక్క ఉండదు. ఉద్యోగికి ఉంటుంది.

ఆ సీజన్‌లో మనం ఏం చేశామో గుర్తు చేసుకుందాం. ఓటమి తర్వాత ఓటమి వస్తుంటే రక్షణ పంక్తిలో లోపాల గురించి రాశాం. కోచ్ వ్యూహం గురించి వాదించుకున్నాం. పెద్ద ఆటగాళ్లు వెళ్లిపోయిన చోట కుర్రాళ్లను దింపితే, ఎంత ధైర్యంగా ఆడుతున్నారో అని మెచ్చుకున్నాం. ఆ మెచ్చుకోలు నిజమైనదే, ఆ కుర్రాళ్లు దానికి అర్హులే. అయితే వాళ్లు ఎవరి స్థానంలో దిగారో, ఆ స్థానం ఎందుకు ఖాళీ అయిందో, దిగిన వాళ్లకైనా నెల జీతం అందుతోందో లేదో అడగకుండా కొట్టిన చప్పట్లు ఎవరికి మేలు చేశాయి? జీతాలు ఎగ్గొట్టినా జట్టు మైదానంలోకి దిగుతుంది, ఆట సాగుతుంది, అరిచేవాళ్లు అరుస్తారు అన్న భరోసా యాజమాన్యాలకు ఇచ్చింది మన చప్పట్లే.

ఇలాంటి భరోసా ఎంత బలమైన ఆయుధమో అమెరికా 1987లోనే చూసింది. అక్కడి ఫుట్‌బాల్ వేరే ఆట, బంతిని చేతపట్టుకుని పరుగెత్తే ఆట. గొడవ మాత్రం ఇలాంటిదే. ఒప్పందం ముగిశాక నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ కావాలని ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లు ఆ ఏడాది సెప్టెంబరు 22న సమ్మెకు దిగారు. యజమానులు ఒక్క వారం మ్యాచ్‌లు రద్దు చేసి, ఆ తర్వాత దొరికినవాళ్లతో జట్లు కట్టి మూడు వారాలు లీగ్ నడిపించారు. టీవీలో ప్రసారాలు ఆగలేదు, ఆ మ్యాచ్‌ల ఫలితాలు పట్టికలోకి కూడా ఎక్కాయి. జో మోంటానా వంటి పేరున్న ఆటగాళ్లు కొందరు సమ్మె గీత దాటి లోపలికి వెళ్లారు. 24 రోజులకు, అక్టోబరు 15న, సంఘం చేతిలో ఏ ఒప్పందమూ లేకుండానే సమ్మె ముగిసింది. ఆటగాళ్లు ఆ తర్వాత కోర్టు దారి పట్టారు. 1992లో మినియాపొలిస్‌లో జ్యూరీ తీర్పు వాళ్లవైపు వచ్చింది. 1993లో స్వేచ్ఛ ఒప్పందంలోకి ఎక్కింది. 24 రోజుల్లో దక్కనిది దక్కడానికి అయిదేళ్లు పైన పట్టింది. ఆ ఆలస్యంలో టీవీ ముందు కూర్చున్న ప్రేక్షకుడికీ వాటా ఉంది. యజమాని ఎవరిని దింపినా చూస్తాను అన్న ప్రేక్షకుడు తెలిసో తెలియకో ఒక పక్షం వహించినట్టే.

అక్కడ సమ్మె చేసేంత బలమైన సంఘమైనా ఉంది. ఇక్కడ అంత బలం లేదు. మన ఆటగాళ్లకు 2006లో బైచుంగ్ భూటియా ముందుండి పెట్టిన ఆటగాళ్ల సంఘం ఉంది. అంతర్జాతీయ ఆటగాళ్ల సమాఖ్య ఫిఫ్‌ప్రోతో దానికి అనుబంధమూ ఉంది. కానీ ఆ సంఘం పేరు మన క్రీడా పేజీల్లో ఎన్నిసార్లు కనిపించింది? దాని ప్రతినిధిని పిలిచి ఎన్ని చర్చలు పెట్టాం? యజమాని చెప్పిన ప్రతి మాటా ప్రకటనగా అచ్చయింది. ఆటగాడి మాట చాలాసార్లు పేరు చెప్పని వర్గాల కథనంగానే మిగిలిపోయింది. పేరు బయటపెడితే తర్వాతి ఒప్పందం దొరకదని అతనికి భయం. ఆ భయాన్ని మనం సహజంగా తీసుకున్నాం. ఒక ఉద్యోగి తన జీతం అడగడానికి పేరు దాచుకోవాల్సి వస్తే, అది వార్త అవ్వాలని మనకు తట్టలేదు.

ఫిఫా నియమాల్లో ఆటగాడికి ఉన్న హక్కు కూడా మనం చెప్పలేదు. 2018 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. రెండు నెలల జీతం ఆగితే ఆటగాడు క్లబ్బుకు లిఖితపూర్వకంగా తెలిపి 15 రోజుల గడువు ఇవ్వాలి. అప్పటికీ ఇవ్వకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం తెంచుకోవచ్చు. కాగితం మీద ఈ హక్కు అందరిదీ. ఆచరణలో తేడా వస్తుంది. విదేశీ ఆటగాడి వివాదం నేరుగా ఫిఫా ట్రైబ్యునల్‌కు వెళుతుంది. స్వదేశీ ఆటగాడు తన దేశ సమాఖ్య కమిటీ తలుపు తట్టాలి. విదేశీయుడు ఒప్పందం తెంచుకుని వేరే ఖండంలో ఆడుకోగలడు. మన కుర్రాడికి ఉన్నది ఈ ఒక్క దేశం, ఈ కొద్ది క్లబ్బులు. వాటిలో ఒకదాని మీద ఫిర్యాదు చేస్తే మిగతావి ఎలా చూస్తాయోనన్న లెక్క అతని తలలో తిరుగుతుంది. అందుకే బకాయిల కథల్లో ముందు బయటికి వెళ్లేది విదేశీ ఆటగాళ్లు, చివరిదాకా మిగిలేది మనవాళ్లు. మనవాళ్లు మిగిలారు కాబట్టి వాళ్లకు క్లబ్బు మీద ప్రేమ ఎక్కువని చెప్పుకున్నాం. మరో దారి లేని నిస్సహాయతకు మనం విధేయత అని పేరు పెట్టాం. ఇంతకంటే పెద్ద అన్యాయం అభిమాని చేయలేడు.

ఈ అలవాటు నిన్న మొన్న పుట్టింది కాదు. దాని మూలం మన గొప్పల కథలోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టులో హైదరాబాదీలు చాలామంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం జట్టు స్వర్ణం తెచ్చింది. ఈ అంకెలు మనకు నోటికి వచ్చు. ప్రతి క్రీడా సభలో చెబుతాం. 2024లో ఆయన కథతో మైదాన్ సినిమా వచ్చినప్పుడు మళ్లీ కన్నీళ్లు పెట్టుకున్నాం.

ఆ కథలో మనం ఎప్పుడూ గట్టిగా చెప్పనిది ఒకటుంది. ఆ జట్టు పేరులోనే ఉంది, అది పోలీసు జట్టు. ఆ ఆటగాళ్లకు ఉద్యోగాలు ఉన్నాయి. నెల మొదట్లో జీతం వచ్చేది. మోకాలు దెబ్బతిన్నా ఇల్లు గడిచేది, ఆట ముగిసినా కొలువు మిగిలేది. రహీం సాబ్ ప్రతిభ కాదనలేనిది. అయితే ఆయన నేర్పిన కొత్త పద్ధతులు సాధన చేయడానికి ఆ కుర్రాళ్లకు నిశ్చింత ఇచ్చింది ఆ ఉద్యోగమే. పోలీసు, రైల్వే, బ్యాంకు, ప్రభుత్వ రంగ సంస్థల జట్లే ఈ దేశంలో దశాబ్దాల పాటు ఫుట్‌బాల్‌ను మోశాయి. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్ తర్వాత రైల్వే జట్టుకు ఆడాడు. మనం ఆ తరం నుంచి డ్రిబ్లింగ్ గుర్తు పెట్టుకున్నాం, గోల్స్ గుర్తు పెట్టుకున్నాం, జీతపు చిట్టా మరిచిపోయాం. దాంతో ఆఫీసు జట్లు పోయి ప్రైవేటు క్లబ్బులు వచ్చినప్పుడు ఏది పోయిందో మనకు కనిపించలేదు. కొత్త జెర్సీలు, కొత్త దీపాలు, కొత్త పాటలు చూశాం. కొలువు పోయిన చోట ఏ భద్రత పెట్టారని అడగలేదు.

మహమ్మద్ హబీబ్ సంగతి తలచుకుంటే నాకు ఇంకా బాధ కలుగుతుంది. 1966లో హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లిన హబీబ్, ఉద్యోగం వద్దనుకుని ఆటనే బతుకుతెరువు చేసుకున్న తొలి భారతీయ ప్రొఫెషనల్‌గా పేరు తెచ్చుకున్నాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. 2023 ఆగస్టు 15న, మతిమరుపు జబ్బుతో బాధపడుతూ, ఈ నగరంలోనే కన్నుమూశాడు. ఆడటమే నా పని అని ఈ దేశానికి ముందుగా చెప్పిన మనిషి మన ఊరివాడు. ఆయనకు నివాళి రాసిన కొద్ది నెలలకే మన ఊరి క్లబ్బులో ఆటగాళ్లు జీతాల కోసం ఎదురుచూశారు. ఆ రెండు వార్తలనూ కలిపి చదవడం మనకు చేతకాలేదు.

సంఘం, సమ్మె, జీతపు ఒప్పందం మనకు కొత్తవైతే ఇంత తప్పు పట్టుకోనక్కర్లేదు. ఈ నేలకు అవి బాగా తెలుసు. సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగితే బొగ్గు బెల్టు అంతా ఊగిపోతుంది. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేస్తే ఇంటింటా దాని గురించే మాట. హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది కూడా ఆ ఏడాదే. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు 30 శాతం పెంపు అడుగుతూ షూటింగులు ఆపేశారు. ఫెడరేషన్ ముందుండి నిర్మాతలతో మాట్లాడింది. పత్రికలు, టీవీలు రోజూ ఆ చర్చలు చెప్పాయి. చివరికి దశలవారీ పెంపుతో సమ్మె ముగిసింది.

సరిగ్గా అదే ఆగస్టులో పక్క రాష్ట్రాల్లో ఏం జరిగింది? బెంగళూరు ఎఫ్‌సీ తన సీనియర్ జట్టు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలను నిరవధికంగా నిలిపేసింది. చెన్నయిన్ ఎఫ్‌సీ కూడా సీనియర్ జట్టు కార్యకలాపాలు ఆపేసింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ లీగ్ నడిపిన రిలయన్స్ అనుబంధ సంస్థ ఎఫ్‌ఎస్‌డీఎల్‌కూ మధ్య ఉన్న, 2010లో మొదలైన 15 ఏళ్ల హక్కుల ఒప్పందం 2025 డిసెంబరు 8న ముగియాల్సి ఉండింది. తర్వాత ఏమిటన్నది తేలలేదు కాబట్టి జులైలోనే లీగ్‌ను పక్కన పెట్టారు. సమాఖ్య నియమావళి కేసు అప్పటికి సుప్రీంకోర్టులో ఉంది.  సెప్టెంబరులో కోర్టు తీర్పు వచ్చింది. ఆ తర్వాత వాణిజ్య హక్కులకు టెండరు పిలిస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు. ఇంత సుదీర్ఘమైన గొడవలో సమాఖ్య, సంస్థ, క్లబ్బులు, కోర్టు అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడారు. ఆ బల్ల దగ్గర ఆటగాడి కుర్చీ ఎక్కడ అన్న ప్రశ్న చివరికి గాని వినిపించలేదు. సినిమా కార్మికుడికి ఫెడరేషన్ ఉంది కాబట్టి సమ్మె చేసి పెంపు తెచ్చుకున్నాడు. ఫుట్‌బాల్ ఆటగాడికి ఆ బలం లేదు కాబట్టి ఆడటానికి సిద్ధంగా ఉండి కూడా జీతం పోగొట్టుకున్నాడు. 2026 మొదట్లో సునీల్ ఛెత్రీ, గుర్‌ప్రీత్ సంధు, సందేశ్ ఝింగన్ వంటి వాళ్లు వీడియోలో కనిపించి ఫిఫాను ఆదుకొమ్మని కోరాల్సి వచ్చింది. దేశానికి నాయకత్వం వహించిన ఆటగాడు తన పని తాను చేసుకోనివ్వమని పరాయి దేశంలోని కార్యాలయాన్ని వేడుకున్నాడంటే, స్వదేశంలో అతని మాట వినేవాళ్లు లేరనే అర్థం. వినాల్సినవాళ్లలో మనమూ ఉన్నాం.

ఆ రోజుల్లో మనం ఎక్కడున్నామో చెప్పుకోవడానికి మనసు ఒప్పదు. 2025 డిసెంబరు 13న లియోనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియానికి జనం తరలివెళ్లారు. టిక్కెట్లు వేలకు వేలు పెట్టి కొన్నారు. మెస్సీని చూడాలనుకోవడంలో తప్పు లేదు, జీవితకాలపు ముచ్చట అది. కానీ ఊరి క్లబ్బు ఊరు విడిచి అప్పటికి రెండు నెలలు. దేశంలో లీగ్ ఆగిపోయి అయిదు నెలలు. ఆ జనంలో పదో వంతు, ఆ ఉత్సాహంలో పదో వంతు, జీతం పడని ఆటగాళ్ల పక్షాన గచ్చిబౌలి గేటు దగ్గర నిలబడి ఉంటే పరిస్థితి కొంతైనా మారి ఉండేది. ఒక సాయంత్రం కోసం డబ్బు పెట్టగలిగిన నగరం, తన జట్టు జీతపు బిల్లు గురించి ఒక్క ప్రశ్న పెట్టలేకపోయింది.

యజమానుల వాదన కూడా వినాలి, వినకుండా చేసే ఆత్మవిమర్శ నిజాయతీ అనిపించుకోదు. ఈ దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బు నడపడం నష్టాల వ్యాపారమే. ఫ్రాంచైజీ రుసుము కట్టాలి, స్టేడియం అద్దె, ప్రయాణాలు, శిక్షణ, విదేశీ ఆటగాళ్ల ఖర్చు అన్నీ భరించాలి. వచ్చేది ప్రసార హక్కుల్లో వాటా, స్పాన్సర్లు, టిక్కెట్లు. లీగ్ ఎప్పుడు మొదలవుతుందో తెలియకపోతే స్పాన్సరు రాడు. ఏళ్ల తరబడి జేబులోంచి పెట్టిన యజమాని అలసిపోవడం అర్థం చేసుకోదగ్గదే. ఆటగాళ్ల జీతాలు కొన్ని క్లబ్బుల్లో ఆదాయానికి మించి పెరిగాయన్న మాటలోనూ నిజం ఉంది.

అయినా ఒక తేడా మరవకూడదు. నష్టం వస్తుందని తెలిసి దిగినవాడు యజమాని, జీతం వస్తుందని సంతకం చేసినవాడు ఆటగాడు. యజమానికి ఇతర వ్యాపారాలు ఉంటాయి, క్లబ్బును అమ్ముకోవచ్చు, మరో ఊరికి తరలించుకోవచ్చు. ఆటగాడికి ఉన్నది రెండు కాళ్లు, పది పన్నెండేళ్ల కాలం. ఆ కాలంలో ఒక సీజన్ పోతే అది తిరిగి రాదు. 24 ఏళ్ల వింగర్ ఏడాదిపాటు ఆట లేకుండా, జీతం లేకుండా ఉంటే 25 ఏళ్లకు అతని వేగం, విలువ రెండూ పడిపోతాయి. వ్యాపారంలో లాభం యజమానిదైనప్పుడు నష్టం మాత్రం ఉద్యోగి జీతంలోంచి ఎందుకు కోయాలి? జీతం తగ్గించాల్సి వస్తే కూర్చుని, లెక్కలు చూపించి, సంఘంతో మాట్లాడి తగ్గించుకోవచ్చు. అలా మాట్లాడమని మనం ఏ యజమానినీ అడగలేదు.

మనం చెప్పుకునే సాకు మరొకటి ఉంది. వాళ్లకు లక్షలు వస్తాయి కదా, మనకెందుకు బాధ అంటాం. లక్షలు, కోట్లు అందుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ల వెనుక అకాడమీ నుంచి నిన్ననే పైకి వచ్చిన కుర్రాడున్నాడు. ఫిజియో, కిట్లు సర్దే మనిషి, గడ్డి కోసే మనిషి, జట్టు బస్సు నడిపే మనిషి ఉన్నారు. క్లబ్బు చెల్లింపులు ఆగితే ముందు ఆగేది వీళ్లవే, చివరికి అందేదీ వీళ్లకే. పెద్ద ఆటగాడి జీతం చూపించి చిన్నవాడి బకాయిని మనం కప్పిపెట్టాం.

ఈ సాకుకు ఇంగ్లండ్‌లో ఎప్పుడో సమాధానం దొరికింది. అక్కడ 1961 జనవరి వరకు ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదన్న నియమం ఉండేది. ఫుల్హామ్ ఆటగాడు జిమ్మీ హిల్ సారథ్యంలో సంఘం సమ్మెకు సిద్ధమైంది. మాంచెస్టర్‌లో జరిగిన సమావేశంలో ఒక కుర్ర ఆటగాడు లేచి, తన తండ్రి బొగ్గు గనిలో కష్టపడి ఇంతకంటే తక్కువే తెస్తాడనీ, మనకు ఇది చాలనీ అన్నాడట. బోల్టన్ ఆటగాడు టామీ బ్యాంక్స్ దానికి జవాబిచ్చాడు. గని పని తనకూ తెలుసనీ, ఆ పని తాను చేయగలననీ, కానీ ఆ తండ్రి వేలమంది చూస్తుండగా స్టాన్లీ మాథ్యూస్‌ను ఆపలేడనీ ఆ జవాబు సారాంశం. ప్రతి పనికీ దాని కష్టం, దాని నైపుణ్యం, దాని విలువ ఉన్నాయని ఆయన చెప్పాడు. గని కార్మికుడి చెమటను చూపించి ఆటగాడి జీతం తగ్గించడం ఇద్దరికీ అన్యాయమే. సమ్మె తేదీకి మూడు రోజుల ముందు యజమానులు దిగివచ్చి పరిమితి ఎత్తేశారు. రెండేళ్ల తర్వాత జార్జ్ ఈస్ట్‌హామ్ కేసులో, ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి కట్టిపడేసే పద్ధతి వృత్తి స్వేచ్ఛకు అసమంజసమైన అడ్డంకి అని కోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసుకు ఆటగాళ్ల సంఘం అండగా నిలిచింది. బిల్లీ మెరెడిత్ వంటి వాళ్లు 1907లో పెట్టిన సంఘం అది. ఆ సంఘం యాభై ఏళ్లకు పైగా ఓపిక పట్టింది. మనం మన ఆటగాళ్ల సంఘానికి ఇరవై ఏళ్లుగా ఒక పేరా కూడా సరిగ్గా ఇవ్వలేదు.

తప్పు ఒప్పుకుంటే సరిపోదు. చేయాల్సిన పనులు ఉన్నాయి, వాటికి పెద్ద డబ్బు అక్కర్లేదు. క్లబ్బు లైసెన్సింగ్ నిబంధనల్లో గడువు దాటిన బకాయిలు ఉండకూడదన్న షరతు ఇప్పటికే ఉంది. సీజన్ మొదలవకముందే ఏ క్లబ్బు ఆ షరతు తీర్చింది, ఏ క్లబ్బుకు మినహాయింపు ఇచ్చారు అన్నది అడిగి అచ్చువేయడం రాసేవాళ్ల బాధ్యత. మ్యాచ్ వార్త కింద గోల్స్ వివరాలు వేస్తాం, బకాయిల వివరం కూడా వేయాలి. కొన్ని నెలల జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీ పెట్టనిదే ఏ యజమానికీ జట్టు ఇవ్వకూడదని సమాఖ్య మీద ఒత్తిడి తేవాలి. యజమాని చేతులెత్తేసిన నాడు ఆటగాడు కోర్టుల చుట్టూ తిరగకుండా ఆ గ్యారంటీ నుంచే అందుకోవాలి. హక్కుల గురించి, లీగ్ రూపం గురించి జరిగే ప్రతి చర్చలో ఆటగాళ్ల సంఘానికి ఓటు హక్కుతో స్థానం ఉండాలి.

ఇది సాధ్యమేనని చూపించే చిన్న ఉదాహరణ మన ముందే ఉంది. మహిళల లీగ్‌లో ప్రతి క్లబ్బూ కనీసం 10 మంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3 లక్షల 20 వేల రూపాయలకు తగ్గని ఒప్పందం ఇవ్వాలని సమాఖ్య 2023లో నిర్ణయించింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య వంటి అమ్మాయిలు ఆడే లీగ్ అది. ఆ మొత్తం చాలదు. అయినా కనీసం ఇంత అని ఒక గీత గీయడం సాధ్యమేనని తేలింది. ఆ గీత అమలవుతోందా, అందరికీ అందుతోందా అని వెంటపడి చూడాల్సింది మనమే.

అభిమానుల మీద కూడా బాధ్యత ఉంది. జీతాలు ఆగిన నెలలో క్లబ్బు జెర్సీ కొనకూడదు. ఆటగాళ్లు ఆట ఆపితే వాళ్లను తిట్టకూడదు. వాళ్ల స్థానంలో ఎవరినో దింపితే ఆ మ్యాచ్‌కు వెళ్లకూడదు. ఇది కఠినంగా అనిపించవచ్చు. ఆటను ప్రేమించే మనిషికి స్టేడియం బయట నిలబడటం కంటే కష్టం లేదు. కానీ జీతం రాని మనిషి ఆడే కష్టం ముందు అది ఎంత?

హైదరాబాద్‌కు మళ్లీ ఒక పెద్ద క్లబ్బు వస్తుంది. ఇంత చరిత్ర ఉన్న ఊరిని ఫుట్‌బాల్ చాలాకాలం వదిలిపెట్టి ఉండలేదు. ఆ రోజు కొత్త యజమాని వేదిక మీద నిలబడి జట్టు పేరు, రంగులు, కోచ్‌ను ప్రకటిస్తాడు. ఈసారి మొదటి ప్రశ్న మనదై ఉండాలి. జట్టులో అందరికంటే చిన్న ఆటగాడి నెల జీతానికి పూచీ ఎవరు, ఆ పూచీ కాగితం మీద ఉందా, దాన్ని ఆటగాళ్ల సంఘానికి చూపించారా? జవాబు దొరికేవరకు ఆ జట్టు గురించి ఒక్క పొగడ్త కూడా రాయను. ఈ మాటకు మీరూ నన్ను నిలదీయండి.